నడుం నొప్పి ఉన్నవారు ఇంట్లో మినీ ట్రాంపోలిన్ వ్యాయామం మొదలుపెట్టే పద్ధతి

కోనసీమలోని అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వ్యాపారంలో ఇరవై ఏళ్లకు పైగా కూర్చుని లెక్కలు రాసిన నాకు నడుం నొప్పి కొత్త కాదు. పొద్దున్నే మంచం దిగగానే నడుము పట్టేయడం, మధ్యాహ్నానికి కాస్త సర్దుకోవడం, సాయంత్రం కాలువ గట్టు మీద బండి నడుపుకుంటూ ఇల్లు చేరేసరికి మళ్లీ మొదలుకావడం నాకు నిత్యకృత్యంగా ఉండేది. మూడేళ్ల కిందట ఒక మినీ ట్రాంపోలిన్ (ఫ్రేముకు స్ప్రింగులతో గాని రబ్బరు తాళ్లతో గాని బిగించిన సాగే పట్టా ఉన్న పరికరం, ఆ పట్టానే మ్యాట్ అంటారు) కొని, అది ఇంటికి వచ్చిన రోజునే పావుగంటసేపు దాని మీద ఎగిరాను. ఎగురుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ తెలియలేదు. మరునాడు మాత్రం చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగలేకపోయాను. ఆరు రోజులు పనికి వెళ్లలేదు. తప్పు పరికరానిది కాదు, నేను మొదలుపెట్టిన తీరుది. ఇప్పుడు అదే పరికరాన్ని వారానికి నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాలు వాడుతున్నాను, పొద్దుటి పట్టివేత చాలావరకు తగ్గింది. ఈ మధ్యలో నేర్చుకున్నదాన్ని గోదావరి డెల్టాలోని మన ఇళ్లకు, పనులకు, వాతావరణానికి తగినట్లుగా ఇక్కడ వివరిస్తున్నాను.

ట్రాంపోలిన్ అనే మాట వినగానే ఎగరడమే గుర్తుకొస్తుంది. నడుం నొప్పి ఉన్నవారికి మొదటి నెలలో ఎగరడం అసలు లేదు. పాదాల ముందుభాగం మ్యాట్‌ను వదలకుండా, మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, మడమలతో మెత్తగా నొక్కుతూ పైకీ కిందికీ ఊగడమే ఆ నెల వ్యాయామమంతా. నేను మంచం పట్టిన వారంలో చూడడానికి వచ్చిన మా అక్క కూతురు ఫిజియోథెరపీ చదువుకున్న అమ్మాయి. "మావయ్యా, నెలరోజులపాటు కాలివేళ్లు మ్యాట్‌ను వదలకూడదు, మడమలు మాత్రమే లేపు" అని ఆమె చెప్పిన ఒక్క మాట మీదనే నా వ్యాయామం మళ్లీ నిలబడింది.

ఎవరు మొదలుపెట్టకూడదు

అన్ని నడుం నొప్పులూ ఒకటి కావు. మూత్ర విసర్జన మీద, మల విసర్జన మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగంలో స్పర్శ తెలియకపోయినా, నడుస్తుంటే పాదం ముందుభాగం పైకి లేవక నేలకు ఈడ్చుకుపోతున్నా అది వ్యాయామం గురించి ఆలోచించే సమయం కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితోపాటు జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పడుకున్నా తగ్గని నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపుతున్నా, గతంలో క్యాన్సర్ గాని క్షయ గాని వచ్చి ఉన్నా, చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడిన తరువాత నొప్పి మొదలైనా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. వెన్నెముకకు క్షయ సోకడం మన దేశంలో ఇప్పటికీ కనిపించే జబ్బే కనుక, సాయంత్రాలు వచ్చే సన్నని జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదు.

ఎముకలు గుల్లబారాయని తేలినవారు, ఏళ్లతరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు, ఒక వెన్నుపూస మరొకదాని మీద ముందుకు జరిగిందని ఎక్స్‌రేలో చూసినవారు, ఈ మధ్యనే వెన్నుకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు, తరచుగా కళ్లు తిరిగేవారు తమను చూస్తున్న డాక్టరు స్పష్టంగా సరే అంటే తప్ప దీని జోలికి వెళ్లకూడదు. ప్రసవం తరువాత దగ్గినా తుమ్మినా మూత్రం జారే సమస్య ఉన్న స్త్రీలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు, ఆ మాట ఎవరికీ చెప్పరు. ఆ సమస్య ఉండగా ట్రాంపోలిన్ మీద ఊగితే మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాలు మరింత బలహీనపడే ప్రమాదం ఉంది. ముందు ఆ కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్చుకుని, ఆ తరువాతే దీనికి రావాలి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఫిజియోథెరపిస్టులు రోజూ చూసే సమస్యే అది.

పైవేవీ లేనివారు కూడా మూడు చిన్న పరీక్షలు చేసుకోవాలి. మొదటిది దగ్గు: గట్టిగా దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు నొప్పి పిరుదు నుంచి కాలిలోకి జివ్వున పాకితే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు ఇంకా నరాన్ని ఇబ్బందిపెడుతున్నదని అనుమానించాలి, అప్పుడు మొదలుపెట్టకూడదు. రెండవది, కిటికీ ఊచలు పట్టుకుని నేల మీద నిలబడి పదిసార్లు మడమలు లేపి దించడం. అది నొప్పి లేకుండా సాగాలి. మూడవది, ఊచల మీద చేయి తేలికగా ఆనించి ఒక్కో కాలి మీద పది సెకన్లు నిలబడగలగడం. గచ్చు మీద ఒంటికాలిపై తూలేవారు మెత్తని మ్యాట్ మీద ఇంకా తూలుతారు.

మ్యాట్ మీద నడుముకు ఏమి జరుగుతుంది

1980లో అమెరికాలో నాసా శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పరిశోధనలో 8 మంది యువకులను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, ట్రాంపోలిన్ మీద గెంతించి, చీలమండ, వీపు, నుదురు మూడుచోట్లా కుదుపును కొలిచారు. పరిగెత్తేటప్పుడు చీలమండ దగ్గరి కుదుపు వీపు, నుదురు దగ్గర ఉన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువగా తేలింది. ట్రాంపోలిన్ మీద అది మూడుచోట్లా ఇంచుమించు సమానంగా ఉంది. ట్రాంపోలిన్ అమ్మేవారు ఈ పరిశోధనను చూపించి నడుముకు కుదుపే తగలదన్నట్లు చెబుతారు. నేనూ అలాగే నమ్మి కొన్నాను. కానీ ఆ ఫలితాన్ని నిదానంగా చదివితే తేలే అర్థం వేరు. మ్యాట్ మీద చీలమండకు దెబ్బ తగ్గుతుంది గాని, కాళ్లకు తగిలినంత కుదుపు వీపు దాకా వస్తుంది. ఎంత ఎత్తు ఎగిరితే నడుము మీద అంత భారం పడుతుంది. పైగా అక్కడ గెంతినవారు ఆరోగ్యవంతులైన యువకులు.

మరి నడుం నొప్పికి దీనితో మేలేమిటి? మడమలతో ఊగినప్పుడు మ్యాట్ కిందికి సాగుతూ శరీరాన్ని మెల్లగా ఆపుతుంది కనుక గచ్చు మీద గెంతినట్లు ఒక్కసారిగా దెబ్బ తగలదు. కింది నేల కదులుతూ ఉంటుంది కనుక వెన్నెముకను అంటిపెట్టుకుని ఉండే చిన్న కండరాలు క్షణక్షణమూ సర్దుకుంటూ పనిచేయవలసి వస్తుంది. నెలల తరబడి నొప్పితో బిగుసుకుని కూర్చున్నవారిలో బద్ధకించేవి ఆ కండరాలే. అయితే అవి త్వరగా అలసిపోతాయి, అలసిపోయాక వెన్నెముకకు కాపు తప్పుతుంది. అలసట మనకు తెలియకముందే వాటికి వస్తుంది. పావుగంట ఎగిరినా ఆ రోజు నాకు ఏమీ తెలియకపోవడానికి, మరునాడు వంగలేకపోవడానికి కారణం ఇదే. నిమిషాల లెక్కను అంత కచ్చితంగా పాటించమని చెప్పడం కూడా ఇందుకోసమే.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి గురించి ఇచ్చిన మార్గదర్శకాలలో క్రమబద్ధమైన వ్యాయామాన్ని సూచించింది. నడుం బెల్టులను నిత్యచికిత్సగా సిఫారసు చేయలేదు. డెల్టాలో నడుం నొప్పి అనగానే ముందు బెల్టు కొనే అలవాటు బలంగా ఉంది. డాక్టరు ప్రత్యేకించి కట్టుకోమంటే తప్ప ట్రాంపోలిన్ మీద బెల్టు కట్టుకోకూడదు. నొప్పి మాత్ర వేసుకుని ఎక్కడం అంతకంటే చెడ్డ అలవాటు. ఆపమని చెప్పవలసిన నొప్పిని మాత్ర నొక్కేస్తే, ఎక్కడ ఆగాలో తెలిసే దారి ఉండదు.

పరికరం, దాన్ని పెట్టే చోటు

ఇంట్లో వాడే మినీ ట్రాంపోలిన్ 36 నుంచి 48 అంగుళాల వెడల్పుతో, నేల నుంచి జానెడు లేదా కాస్త ఎక్కువ ఎత్తులో ఉంటుంది. నడుము బాగాలేనివారు 40 అంగుళాలకు తగ్గనిది, ముందు పట్టుకోవడానికి కడ్డీ బిగించి ఉన్నది తీసుకోవాలి. కడ్డీ లేనిది చవకగా దొరుకుతుంది గాని, మొదటి నెలలో చేతికి ఆసరా లేకపోతే ఒంట్లోని బిగువంతా నడుములోకే చేరుతుంది. పరికరం మోయగల బరువు మన బరువు కంటే కనీసం 30 కిలోలు ఎక్కువ ఉండేలా చూసుకోవాలని నా అభిప్రాయం.

స్ప్రింగులున్నవి, రబ్బరు తాళ్లున్నవి అని రెండు రకాలు. చవకరకం స్ప్రింగులు చిన్నవిగా, గట్టిగా ఉండి ఊపును చటుక్కున తిప్పికొడతాయి. రబ్బరు తాళ్లు నిదానంగా సాగి నిదానంగా లేపుతాయి. ధర ఎక్కువైనా నడుముకు రెండవదే మంచిది. అలాగని మరీ మెత్తగా ఉన్నదాన్ని కొనకూడదు. బిగువు వదిలిన నులక మంచం మీద రాత్రంతా పడుకుని లేచినవారికి నడుము ఎలా ఉంటుందో మనకు తెలుసు. మ్యాట్ కూడా అలా గుంటపడితే పాదాలు రెండూ లోపలికి వాలి, మోకాళ్లు దగ్గరకు వచ్చి, నడుము మెలి తిరుగుతుంది. మధ్యలో నిలబడినప్పుడు మ్యాట్ కొద్దిగా దిగాలి, పాదాలు మాత్రం సమంగా నిలవాలి.

పెట్టెలో వచ్చిన పరికరాన్ని నడుం నొప్పి ఉన్నవారు స్వయంగా బిగించకూడదు. మడత ఫ్రేమును విప్పడానికి, స్ప్రింగులను లాగి తగిలించడానికి నేల మీద వంగి చాలా బలం పెట్టాలి, చేయి జారితే ఫ్రేము ఎగిరి తగులుతుంది. ఇద్దరు యువకులను పిలిచి చేయించుకోవాలి. స్ప్రింగులను ఒకవైపు నుంచి వరుసగా తగిలించుకుంటూ పోతే చివరివి అందవు. ఒకటి తగిలించాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని తగిలిస్తూ పోవాలి. ఒకసారి పెట్టిన చోటు నుంచి రోజూ తీసి మళ్లీ వేసే అవసరం లేకుండా స్థిరమైన చోటు చూసుకోవడం మేలు. పది కిలోల పైబడిన బరువును రోజూ వంగి ఎత్తడం వల్ల నడుముకు జరిగే హాని, పది నిమిషాల వ్యాయామం వల్ల కలిగే మేలును తినేస్తుంది.

చోటు విషయంలో ముందుగా పైకి చూడాలి. డాబా ఇంట్లో సీలింగ్ ఫ్యాను రెక్కలు సాధారణంగా ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో తిరుగుతుంటాయి. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి తొమ్మిది అంగుళాల ట్రాంపోలిన్ ఎక్కితే తల ఆరడుగుల అయిదు అంగుళాల దాకా వెళుతుంది, చేయి పైకెత్తితే రెక్కలు అందుతాయి. అందుకని ఫ్యాను కింద ఎన్నడూ పెట్టకూడదు. గాలి పక్క నుంచి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టుకోవాలి. పెంకుటిళ్లలో వసారా చల్లగా ఉంటుంది గాని చూరు వైపు కప్పు కిందికి దిగి ఉంటుంది, దూలాలు తలకు తగులుతాయి. అలాంటి ఇళ్లలో నడిమి గదే సరైన చోటు. చుట్టూ ఒక బారెడు ఖాళీ ఉండాలి, గడప, మంచం కోడు, గ్యాస్ బండ వంటివి దగ్గరలో ఉండకూడదు. కడ్డీ లేని పరికరం ఇప్పటికే కొని ఉన్నవారు పాతకాలపు కిటికీ ఇనుప ఊచలకు ఎదురుగా, మూరెడు దూరంలో వేసుకుంటే నడుము ఎత్తులో మంచి ఆసరా దొరుకుతుంది. తలుపు రెక్కను, ప్లాస్టిక్ కుర్చీని ఆసరాగా తీసుకోకూడదు.

వానాకాలంలో మన గచ్చులూ టైల్సూ చెమ్మగిల్లుతాయి. ట్రాంపోలిన్ కాళ్లకుండే రబ్బరు తొడుగులు అరిగినా ఊడినా తడి టైల్స్ మీద అది జారుతుంది. కింద ఒక యోగా చాప పరిచి, ఎక్కేముందు కాలితో నెట్టి కదలడం లేదని చూసుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్ప్రింగులు, కొక్కేలు త్వరగా తుప్పుపడతాయి కనుక పక్షానికి ఒకసారి పైనున్న గుడ్డ తొలగించి ఒక్కొక్కటిగా చూడాలి. కొక్కేలను పొడి బట్టతో తుడిచి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయవచ్చు. రబ్బరు తాళ్లకు మాత్రం నూనె తగలకూడదు, తగిలితే పాడవుతాయి.

ఎక్కకముందు వారం

ఈ వారంలో పరికరాన్ని ముట్టుకోవలసిన పని లేదు. రోజూ పది, పదిహేను నిమిషాలు చదునైన దారిలో నడవాలి. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము వంపును మెల్లగా నేలకు అదిమి వదలడం పదిసార్లు చేయాలి. అదే స్థితిలో పిరుదులను బిగించి తుంటిని పైకి లేపి అయిదు సెకన్లు నిలపడం ఎనిమిదిసార్లు చేయాలి. ఆ తరువాత చేతులు, మోకాళ్ల మీద ఆని, కుడి చేయిని ముందుకూ ఎడమ కాలిని వెనక్కూ చాచి, నడుము మీద పళ్లెం పెట్టినా జారనంత నిలకడగా అయిదు సెకన్లు ఉంచి, వైపు మార్చి చేయాలి. వీటిలో ఏదైనా నొప్పిని పెంచితే ట్రాంపోలిన్ మీద అది ఇంకా పెరుగుతుంది కనుక అక్కడే ఆగి ఫిజియోథెరపిస్టును కలవాలి.

మొదటి నెల

వేళ ముఖ్యం. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్యనున్న డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, పొద్దున్నే మనం కొద్దిగా పొడుగు ఉండడానికి కారణం అదే. ఆ బిగువు మీద వంగడం, గెంతడం డిస్కులకు మంచిది కాదు. లేచాక కనీసం గంట గడిచి, ఇంట్లో అటూ ఇటూ తిరిగిన తరువాతే ఎక్కాలి. భోజనం చేశాక రెండు గంటలు ఆగాలి. వేసవిలో మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. చైత్రం నుంచి తొలకరి పడేదాకా ఎండ ఎక్కకముందో, పొద్దుగుంకాకో చేసుకోవాలి. తరువాత కొబ్బరినీళ్లు తాగడం మనకు సులువే గాని, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

చీర కుచ్చిళ్లు, లుంగీ, నేలకు జీరాడే నైటీ కాలి కింద పడి మనిషిని పడేస్తాయి. చీలమండ కనిపించే పైజామా గాని ట్రాక్ ప్యాంటు గాని వేసుకోవాలి. ఉత్తికాళ్లతో చేయడమే మంచిది, మేజోళ్లు జారతాయి. చక్కెర జబ్బు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు మాత్రం పలుచని అడుగున్న బూట్లు వేసుకుని, దిగాక పాదాలు చూసుకోవాలి.

ఎక్కేటప్పుడు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఒక పాదాన్ని సరిగ్గా మ్యాట్ మధ్యలో ఉంచి, బరువు దాని మీదకు వచ్చాక రెండవ పాదాన్ని పక్కన చేర్చాలి. ఫ్రేము అంచు మీద గాని స్ప్రింగుల పైగుడ్డ మీద గాని అడుగు వేయకూడదు. పాదాలు తుంటి వెడల్పులో, మోకాళ్లు కొద్దిగా వదులుగా, చూపు ఎదుటి గోడ మీద కంటి ఎత్తులో ఉన్న ఒక గుర్తు మీద ఉండాలి. కాళ్లకేసి చూస్తే మెడ వంగి, వీపు గుండ్రమై, నడుము మీద భారం పెరుగుతుంది. మా ఇంట్లో నేను గోడ క్యాలెండరును చూస్తూ చేస్తాను.

మొదటి వారంలో ముప్ఫై సెకన్లు కదలకుండా నిలబడాలి. తరువాత బరువును కుడి పాదం మీదకు, ఎడమ పాదం మీదకు ముప్ఫై సెకన్లు మార్చాలి. ఆ తరువాతే ఒక్క నిమిషం మడమలతో ఊగాలి. ఊపు ఎంత ఉండాలంటే, చేతిలో నీళ్ల గ్లాసు నిండుగా ఉన్నా తొణకనంత. పొట్టను లోపలికి బిగబట్టకూడదు, దగ్గబోయే ముందు కడుపు ఎంత బిగుస్తుందో అందులో పావువంతు బిగువు చాలు. ఊపిరి ఆపకూడదు, పక్కవారితో మామూలుగా మాట్లాడగలుగుతుంటే సరిగా ఉన్నట్లు. ఇంతటితో ఆ రోజుకు సరి. రెండు నిమిషాల కోసం ఇంత ఏర్పాటా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ నడుము ఒప్పుకునే కొలత ఇదే. రోజు విడిచి రోజు చేయాలి.

రెండవ వారంలో ఊగే సమయాన్ని రెండుసార్లు ఒక్కో నిమిషంగా, మధ్యలో నిమిషం విశ్రాంతితో చేయాలి. మూడవ, నాలుగవ వారాలలో మొత్తం అయిదు నిమిషాలకు చేరవచ్చు. వారంలో రెండు నిమిషాలకు మించి పెంచకూడదు. ఊపు ఎత్తునూ నిమిషాలనూ ఒకే వారంలో రెండూ పెంచడం నేను చూసిన చాలామంది చేసే పొరపాటు. అలా పెంచాక నొప్పి వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేము.

దిగడం ఎక్కడం కంటే కష్టం. ఊపు పూర్తిగా ఆగేదాకా నిలబడి, కడ్డీ పట్టుకునే ఒక్కో కాలినీ వెనక్కు దించాలి. మ్యాట్ మీద నుంచి దిగిన కొన్ని క్షణాలు నేల వింతగా, గట్టిగా తగులుతుంది, అడుగు తడబడుతుంది. చేయి వదలకుండా పది లెక్కపెట్టి, ఆ తరువాత ఇంట్లో రెండు నిమిషాలు నడవాలి. ట్రాంపోలిన్ మీద నుంచి కిందికి గెంతడం అనేది ఏ వయసులోనూ, ఏ నెలలోనూ చేయకూడని పని.

నొప్పిని ఎలా చదవాలి

ఎక్కే ముందు, దిగాక, మరునాడు పొద్దున, మూడు వేళలలో నొప్పికి సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేసి క్యాలెండరు గడిలో రాయాలి. లెక్కల మనిషిని కనుక నాకు ఇది సహజంగా వచ్చింది, కానీ ఎవరికైనా ఉపయోగపడుతుంది. చేస్తున్నప్పుడు నొప్పి మూడు దాటితే అప్పుడే ఆపాలి. మూడు లోపలే ఉండి, మరునాటి పొద్దుటికి మామూలు అంకెకు వచ్చేస్తే అంతే మోతాదు కొనసాగించవచ్చు. మరునాడు పొద్దున అంకె మామూలు కంటే రెండు పెరిగి ఉంటే, ఆ రోజూ తరువాతి రోజూ నడకతో సరిపెట్టి, మళ్లీ ఎక్కినప్పుడు సగం నిమిషాలతో మొదలుపెట్టాలి.

అంకె కంటే ముఖ్యమైనది నొప్పి ఉన్న చోటు. కాలిలోకి దిగిన నొప్పి రోజులు గడిచే కొద్దీ పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కు వస్తుంటే, నడుములో అది కొంచెం ఎక్కువగా అనిపించినా మంచి సూచనే. నడుములో ఉన్న నొప్పి కింద తొడకు, పిక్కకు, పాదానికి దిగుతుంటే, తిమ్మిరి మొదలైతే, నొప్పి అంకె తక్కువే ఉన్నా ట్రాంపోలిన్ మానేసి డాక్టరుకు చూపించుకోవాలి. డిస్కు జారడం ఎక్కువగా నడుములోని చివరి రెండు డిస్కులలో జరుగుతుంది, కాలి వెనుకగా పాదం దాకా దిగే నరానికి మూలాలు అక్కడే ఉన్నాయి.

చేసే పనిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. సార్వా, దాళ్వా ఊడ్పుల రోజులలో పొద్దస్తమానం బురదలో వంగి పనిచేసిన మనిషి ఆ సాయంత్రం ట్రాంపోలిన్ ఎక్కకూడదు. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లేవారు, కుట్టుమిషను మీద కూర్చునేవారు, నావలె బల్ల ముందు లెక్కలు రాసేవారు గంటలతరబడి వంగి ఉండడం వల్ల నడుము వెనుక ఎముకలను కలిపి ఉంచే బంధకాలు (లిగమెంట్లు) సాగి వదులవుతాయి. లేచిన వెంటనే ఎక్కితే వెన్నుకు కాపు సరిగా ఉండదు. ముందు పది నిమిషాలు నడిచి, నిలబడి రెండు చేతులూ నడుము మీద ఆనించి మెల్లగా వెనక్కు అయిదారుసార్లు వాలి, అప్పుడు ఎక్కాలి. కొబ్బరికాయలు ఒలిచేవారు నడుమును రోజంతా ఒకే వైపు తిప్పుతూ పనిచేస్తారు కనుక వారు పని లేని రోజులకే దీన్ని పరిమితం చేసుకోవడం మంచిది.

రెండవ నెల నుంచి

మొదటి నెల సాఫీగా గడిచినవారు మ్యాట్ మీద నడకకు రావచ్చు. ఒక మడమను లేపుతూ రెండవదాన్ని నొక్కుతూ, కాలివేళ్లు మ్యాట్‌ను వదలకుండా నడిచినట్లు చేయాలి. అది పదిహేను రోజులు కుదిరాక పాదాన్ని రెండంగుళాలు లేపవచ్చు. కడ్డీని గట్టిగా పట్టుకోవడం తగ్గించి వేళ్లు ఆనించే స్థితికి, ఆ తరువాత ఒంటిచేతి స్థితికి రావాలి. సమయం పది నిమిషాలకు చేరితే చాలు, నేను అక్కడే ఆగాను. మూడవ నెలలో మెల్లని పరుగు ప్రయత్నించినవారిని నేను ఎరుగుదును, వారికి బాగానే ఉంది. రెండు పాదాలూ ఒకేసారి గాలిలోకి లేచేలా ఎగరడం, ఎగురుతూ నడుము తిప్పడం, ముందుకు వంగి వేళ్లు ముట్టుకోవడం మాత్రం నడుం నొప్పి చరిత్ర ఉన్నవారికి అవసరం లేదనే నా గట్టి అభిప్రాయం. వాటివల్ల వచ్చే లాభం నడకతో కూడా వస్తుంది.

ఇంట్లో ట్రాంపోలిన్ ఉంటే సంక్రాంతికి వచ్చిన పిల్లలందరూ దాని మీదే ఉంటారు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన ప్రకటనలో ట్రాంపోలిన్ గాయాలలో నాలుగింట మూడు వంతులు ఒకేసారి ఒకరి కంటే ఎక్కువమంది ఎగిరినప్పుడే జరుగుతున్నాయని చెప్పింది. ఎప్పుడూ ఒక్కరే ఎక్కాలి, చిన్నపిల్లలను ఎక్కించనే కూడదు. పండుగ నాలుగు రోజులూ దాన్ని గోడకు నిలబెట్టి తాడు కట్టించడం మా ఇంటి పద్ధతి, ఆ పని మా అబ్బాయి చేస్తాడు, నేను వంగను. పండుగ అయ్యాక మళ్లీ దించినప్పుడు కాళ్ల మరలు, కొక్కేలు, రబ్బరు తొడుగులు చూసి గాని ఎక్కను.

జ్వరం వల్లనో, ప్రయాణం వల్లనో వారం రోజులు మానేసినవారు అంతకుముందు చేసిన నిమిషాలలో సగంతో మొదలుపెట్టాలి. నెల మానేస్తే మళ్లీ మొదటి వారం నుంచి, ముప్ఫై సెకన్లు కదలకుండా నిలబడడం దగ్గర నుంచి రావాలి. నడుము మళ్లీ పట్టేసిన రోజులలో పూర్తిగా మంచం మీదనే ఉండిపోకుండా ఇంట్లో గంటకు అయిదు నిమిషాలు నడుస్తూ, దగ్గు పరీక్ష, మడమల పరీక్ష, ఒంటికాలి పరీక్ష మూడూ నొప్పి లేకుండా కుదిరిన తరువాతే కడ్డీ పట్టుకుని మొదటి పాదాన్ని మ్యాట్ మధ్యలో పెట్టాలి.